సంతకం ముందా, భోజనం ముందా

రొయ్యల ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికొచ్చి, "మేడమ్, ఆడిట్ అంటే భయమేస్తోందండి, ఏం చదువుకోమంటారు?" అని అడుగుతుంటారు. చదువుకోవాల్సినవన్నీ మీ ఫ్యాక్టరీ గోడల మీదే అంటించి ఉంటాయి. నీళ్ళలో క్లోరిన్ ఎంత, గదిలో చల్లదనం ఎంత, చేతులెలా కడుక్కోవాలి, అన్నీ బొమ్మలతో సహా ఉంటాయి. గోడ మీద ఎవరూ అంటించని సంగతి ఒకటుంది. అది చెప్పాలంటే ఒక రోజంతటినీ మొదటినుంచీ చెప్పుకురావాలి. ఓపికుంటే కూర్చోండి. మధ్యలో ఫోన్ చూసుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను.

మాది రేపల్లె. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. నేను బాపట్లలో డిగ్రీ చదివి, రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే దారిలో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేరి, అక్కడే తల నెరిసి, రెండేళ్ళ కిందట దిగిపోయాను. ఫ్యాక్టరీ యజమానిది తెనాలి. అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. అరిచేవాడు, ఆ అరిచిన నోటితోనే ఐదు నిమిషాల్లో "టిఫిన్ చేశావా అమ్మా?" అని అడిగేవాడు.

మా ఫ్యాక్టరీకి ఒక ప్రత్యేకత ఉండేది, సాగదీసే హాలు. జపాన్ వాళ్ళ వేపుడులో రొయ్య వంకర తిరగకూడదు, పెన్సిల్లా నిటారుగా నిలబడాలి. అందుకని రొయ్యని వలిచి, తోక ఉంచి, పొట్ట వైపు చిన్న చిన్న గాట్లు పెట్టి, చెక్క మీద వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పొడవు సాగదీస్తారు. ఎక్కువ నొక్కితే చితుకుతుంది, తక్కువ నొక్కితే వేడి నూనెలో మళ్ళీ ముడుచుకుంటుంది. ఆ పని మా ఆడవాళ్ళకి బాగా పట్టుబడింది. నిజాంపట్నం చుట్టుపక్కల పల్లెల నుంచీ, పిట్టలవానిపాలెం వైపు నుంచీ కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్ళు. మామూలు వలిచే పని కంటే ఈ హాల్లో కూలి ఎక్కువ. ఏడాది పొడుగునా పని దొరికేది కూడా ఇక్కడే. హాల్లో సీటు దొరికితే గవర్నమెంటు ఉద్యోగం వచ్చినంత సంబరపడేవాళ్ళు.

వాళ్ళకి ఆ పని నేర్పింది ఒక జపాన్ ఆయన. సరుకు కొనే ట్రేడింగ్ కంపెనీ తరఫున ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చి, మా గెస్ట్ హౌసులో వారాల తరబడి ఉండేవాడు. మొదటి రోజుల్లో తనే చెక్క ముందు నిలబడి రొయ్య సాగదీసి చూపిస్తే, మావాళ్ళు ముసుగుల్లో నవ్వుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత జపాన్ మామయ్య అని పిలవడం మొదలుపెట్టారు. 'మెల్లగా', 'చాలు', 'బాగుంది', ఈ మూడు మాటలతో ఆయన మా హాలు మొత్తాన్ని నడిపాడు. ఆయన ఇంగ్లీషు మాత్రం నాకు తప్ప ఎవరికీ అంతుపట్టేది కాదు. పెద్దాయన ఎదురుగా కూర్చుని తలాడించి, ఆయన వెళ్ళాక "ఏమన్నాడమ్మా?" అని నన్నడిగేవాడు.

ఆ కంపెనీ వ్యవహారం మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. దానికి ఒక పక్క బ్యాంకు, ఇంకో పక్క కోల్డ్ స్టోరేజీల కంపెనీ, పైన వేపుళ్ళ హోటళ్ళ కంపెనీ. ఒకరి షేర్లు ఒకరి దగ్గర. మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లాగా ఎటు చూసినా చుట్టాలే. ఆ చుట్టరికంలో చిట్టచివర, సముద్రానికి ఇవతల, మేం ఉన్నాం. ధర దగ్గర కీచులాటలు ఉండేవి గానీ, మిమ్మల్ని వదిలేస్తామన్న మాట ఎప్పుడూ రాలేదు. ఒక ఏడాది చెరువులకి తెగులు తగిలి ఈ చుట్టుపక్కల రొయ్యే లేకుండా పోతే, వేరే రాష్ట్రం నుంచి రొయ్య కొనిపించి మా హాల్లోనే సాగదీయించారు. ఎందుకండీ అంత ఖర్చు అంటే, ఆడవాళ్ళ చేతులు పని మర్చిపోకూడదన్నాడాయన. దానికి బదులుగా ఆయన కోరింది ఒక్కటే. మంచి కబురు రేపు చెప్పినా పర్వాలేదు, చెడ్డ కబురు మాత్రం తెలిసిన వెంటనే చెప్పండి అనేవాడు.

ఉన్నట్టుండి జపాన్లో గాలి మారింది. కొత్త తరం మేనేజర్లొచ్చి, ఒకరి షేర్లు ఒకరు ఊరికే పట్టుకుని కూర్చోవడమేంటని అడిగారు. బ్యాంకు తన వాటా అమ్ముకుంది. హోటళ్ళ వాళ్ళూ అమ్ముకున్నారు. చివరికి ట్రేడింగ్ కంపెనీ తన సముద్రపు సరుకు విభాగాన్ని టోకున ఒక కొరియా గ్రూపుకి అమ్మేసింది. ఆ గ్రూపుని పెట్టింది ఒక తాత. మొన్నమొన్నటిదాకా వాళ్ళూ ఏది కొనాలన్నా తమ్ముళ్ళ కంపెనీల్లో, అల్లుళ్ళ కంపెనీల్లో కొనేవారట. ఇప్పుడు మనవరాలు డైరెక్టరుగా వచ్చి, సొంత చిన్నాన్న కంపెనీని కూడా మార్కులేసి పక్కన పెట్టిందని చెప్పుకున్నారు. ఆవిడ మా ఫ్యాక్టరీకి వస్తోంది. సాగదీసే పని ఇక్కడే ఉంచాలా, లేక మా దగ్గర ఒట్టి వలిచిన రొయ్య కొనుక్కుని ఆ పని వేరే దేశంలో తమ సొంత ప్లాంటులో చేయించుకోవాలా, అదే రోజు తేల్చేస్తుంది.

జపాన్ ఆయన ముందు నెలలోనే వచ్చి మాకు ఈ సంగతి చెప్పాడు. "మీతోపాటు నన్నూ కొన్నారు" అని నవ్వాడు కూడా. పాత కంపెనీలో ఆయన పోస్టు తీసేశారు. ఆ వయసులో బయట ఎవరూ తీసుకోరు. కొత్త వాళ్ళు సలహాదారు అని ఒక కుర్చీ ఇస్తామన్నారు, అదొక్కటే ఆయనకి మిగిలింది. మమ్మల్ని ఆవిడకి పరిచయం చేసి అప్పగించడం ఆ కుర్చీలో మొదటి పని. వాళ్ళ పద్ధతిలో పరిచయం చేసినవాడిదే పూచీ. మేం తప్పు చేస్తే తలొంచుకోవాల్సింది ఆయనే.

ఇక ఆ రోజు సంగతికొస్తాను.

ముందురోజు రాత్రి గాలివానకి కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది గానీ, కోల్డ్ స్టోరేజీలో ఒక గది కంప్రెసరు తెల్లవారుజాము దాకా లేవలేదు. ఎవరూ గమనించలేదు. పొద్దున షిఫ్టుకి వచ్చి నేను ఆ గదిలో ఒక పెట్టె తెరిపించాను. ప్యాకెట్ల లోపల మంచు పొడిపొడిగా రాలి ఉంది, నిటారుగా ఉండాల్సిన రొయ్యలు ఒకదానికొకటి అంటుకుని వంకరపోయాయి. కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకు. ఇంకో పెట్టె, ఇంకో పెట్టె, అన్నీ అంతే. మర్నాడు కంటెయినర్‌కి ఎక్కాల్సిన సరుకది. కొరియా వాళ్ళ పేరు మీద వెళ్ళే మొదటి లోడు.

పరిగెత్తుకుంటూ పెద్దాయన దగ్గరికెళ్ళాను. ఆయన అప్పటికే పట్టు పంచె కట్టుకుని, భోజనాల ఏర్పాట్లు చూస్తున్నాడు. సంగం జాగర్లమూడి నుంచి వంటవాళ్ళని రప్పించాడు. విని, అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ సరుకు పక్కన పెట్టించమ్మా. ఒక్క పెట్టె కూడా బయటికి పోకూడదు."

"పెట్టించానండి. వాళ్ళకి చెప్పాలి కదండీ."

"చెబుదాం. భోజనాలయ్యాక నేనే చెబుతాను."

"భోజనాలయ్యాకేంటండీ! ఇప్పుడే ఫోన్ చేద్దాం. జపాన్ ఆయన దారిలోనే ఉంటారు."

"పక్కన ఆవిడ కూర్చుని ఉంటుందమ్మా. కార్లో ఆయన ఏం మాట్లాడతాడు? అయినా మొదటిసారి గడప తొక్కే మనిషికి, నోట్లో ముద్ద పెట్టుకోకముందే చావు కబురు చెబుతామా? మనకేమన్నా మర్యాద ఉందా, లేదా?"

"ఇది పెళ్ళిచూపులు కాదండి."

"నేను దాచమనట్లేదమ్మా, ఆగమంటున్నాను. నామీద ఒట్టు, పెరుగన్నం కాగానే చెప్పేస్తాను."

ఆయన మోసం చేసే మనిషి కాదు. అది నాకు తెలుసు కాబట్టే చిర్రెత్తింది. మోసగాడైతే పోట్లాడొచ్చు. మర్యాదస్తుడితో ఏం పోట్లాడతాం? ఈ జిల్లాలో పుట్టిన వాళ్ళెవరైనా ఆయన చెప్పిందే చేస్తారు. మా ఇంట్లోనూ అంతే. ఎవరైనా పోయారని తెలిసినా, వచ్చిన చుట్టం విస్తరి ముందు నుంచి లేచేదాకా ఎవరూ నోరు విప్పరు. నేను గొంతు చించుకుని ఇంకోసారి వాదించాను. ఆయన చేతులు జోడించాడు. నాకన్నా పెద్దవాడు, అన్నం పెట్టిన మనిషి, నాకు చేతులు జోడిస్తే ఏం చేయను? పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చేశాను.

రెండు కార్లు గేటు లోపలికి వచ్చాయి. పెద్దాయన దండ వేయబోతే ఆవిడ చేత్తో అందుకుని, నవ్వి, వెనకున్న తన అసిస్టెంటు కుర్రవాడికిచ్చేసింది. నలభై దాటి ఉంటాయేమో. కాన్వాసు బూట్లు, చేతికి లావుపాటి గడియారం. ఒక్కచోట నిలబడే మనిషి కాదు. జపాన్ ఆయన ఆవిడకి ఒక అడుగు వెనకగా నడుస్తున్నాడు. మామూలుగా గేటు దగ్గర నుంచే మమ్మల్ని పలకరించే మనిషి, ఆ రోజు కళ్ళతో నవ్వి ఊరుకున్నాడు.

కాఫీ వద్దంది. నేరుగా హాల్లోకి పదమంది. గంబూట్లు, టోపీ, ముసుగు వేసుకుని లోపలికి వెళ్ళాం. హాలు నిశ్శబ్దం. మామూలు రోజుల్లో అంతమంది ఆడవాళ్ళున్న చోట చెవులు చిల్లులు పడతాయి. ఆ రోజు చెక్కల మీద వేళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ తిన్నగా మా హాలు మేస్త్రీ దగ్గర ఆగింది. ఆ మేస్త్రీని అందరూ అక్క అనేవాళ్ళు, మొదటి బ్యాచిలో పని నేర్చుకున్న మనిషి. సాగదీసి చూపించమంది ఆవిడ. అక్క చూపించింది. ఆవిడ తనూ గ్లవ్స్ తొడుక్కుని ఒక రొయ్యని నొక్కింది. చితికిపోయింది.

"మెల్లగా అమ్మా" అంది అక్క, అలవాటు కొద్దీ. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ నవ్వి ఇంకోటి తీసుకుంది. అదీ చితికింది. మూడోది అక్క చెయ్యి పట్టుకుని చేయించింది. ఈసారి నిటారుగా వచ్చింది. ఆవిడ దాన్ని ట్రేలో పెట్టి చాలాసేపు చూసింది.

బయటికి వస్తుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమంటందండీ ఆవిడ? హాలు ఉంచుద్దా, తీసేస్తదా? మా చిన్నదాన్ని నర్సింగులో చేర్చానండీ ఈ యేడే."

"ఏమీ అనలేదక్కా. నువ్వు పని చూసుకో" అన్నాను.

మీటింగు గదిలోకి వెళ్ళీ వెళ్ళకుండానే ఆవిడ తేల్చేసింది. ఈ చేతిపని మా మెషీన్లకి రాదు, హాలు ఇక్కడే ఉంటుంది, ఒప్పందం మీద సంతకాలు ఇప్పుడే చేసేద్దాం అంది. పాత జపాన్ కంపెనీ అయితే ఈ మాట చెప్పడానికి ఆరు నెలలు పట్టేది. పెద్దాయన మొహం వెలిగింది, మరుక్షణం పాలిపోయింది.

"మేడమ్, ఫస్ట్ లంచ్. దెన్ సైన్" అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"లేదు. ముందు సంతకం. నాకు విమానానికి టైమవుతోంది. టైముంటే తర్వాత తింటాను."

పక్క గదిలోంచి నెయ్యి వాసన వస్తోంది. బల్ల మీద కాగితాలు పరిచారు. మర్నాటి లోడు మొదటి సరుకుగా ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. ఆవిడ కుర్రవాడు పెన్ను తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు. పెద్దాయన పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. భోజనం ముందనుకున్నప్పుడు అది ఆగడం. సంతకం ముందన్నాక అది దగా. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పెన్ను కాగితం మీదికి వంగుతోంది.

"మేడమ్, ఒక్క నిమిషం" అన్నాను.

అంతా చెప్పేశాను. కరెంటు, కంప్రెసరు, కరిగిన సరుకు, పక్కన పెట్టించిన పెట్టెలు, అన్నీ. పెద్దాయన నన్ను కొడతాడేమో అనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

ఆవిడకి కోపం రాలేదు. "ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"పొద్దున షిఫ్టు మొదట్లోనండి."

ఆవిడ గడియారం చూసుకుంది. తర్వాత ఫైలు మూసింది. "కంప్రెసర్లు మా దేశంలోనూ ఆగుతాయి. సరుకు పోవడం పెద్ద విషయం కాదు. నాకు ఏది ఎప్పుడు తెలియాలో ఈ ఫ్యాక్టరీ నిర్ణయించింది. నన్ను ఆ హాల్లో నిలబెట్టి, నా చేత రొయ్య పట్టించి, నవ్వించి, ఇంతసేపూ తెలిసి ఊరుకున్నారు. ఇక్కడ నేను పని పెట్టలేను" అని లేచి నిలబడింది.

అయిపోయింది. నిజం చెప్పి ఏదో ఉద్ధరించాననుకున్నాను. గోడకి అవతల ఆడవాళ్ళంతా ఇంకా సాగదీస్తూనే ఉన్నారు.

అప్పుడు జపాన్ ఆయన లేచాడు. రెండు చేతులూ పక్కలకి ఆనించి నిలబడి, ఎప్పుడూ లేనంత స్పష్టమైన ఇంగ్లీషులో అన్నాడు. "నాకు పొద్దున్నే చెప్పారు. కార్లో ఉండగా నాకు మెసేజ్ వచ్చింది. మీకు వెంటనే చెప్పమని వీళ్ళు అడిగారు. వద్దని, భోజనం దాకా ఆగమని ఆపింది నేను."

ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏ మెసేజూ పెట్టలేదు. ఇరవై ఏళ్ళకు పైగా మా చెవులు పట్టుకుని, చెడ్డ కబురు ముందు చెప్పండర్రా అని నేర్పిన మనిషి నిలువునా అబద్ధమాడాడు.

ఆవిడ పెద్దాయన వైపు తిరిగింది. "నిజమేనా?"

పెద్దాయన తల దించుకున్నాడు. ఆవిడ నా వైపు చూసింది. అంతకుముందే అంత గొప్పగా నిజం చెప్పిన నా నోరు, ఆ క్షణాన పెగల్లేదు. పెగలనివ్వలేదు నేను. హాలు, అక్క, అక్క కూతురు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు నిలబడ్డాయి.

ఆవిడ జపాన్ ఆయనతో జపాన్ భాషలోనే ఒక ముక్క అంది. చాలా చిన్న మాట. ఆయన నడుము వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆవిడ కూర్చుంది. ఫైలు తెరిచి, మర్నాటి లోడు ఉన్న వరుస కొట్టేసింది. మిగతా అంతటికీ సంతకం పెట్టింది. కార్లు బయల్దేరేటప్పుడు ఆయన కోసం తలుపు తెరవలేదు. రెండు కార్లూ వెళ్ళిపోయాయి. ఆయన పెట్టె మా మెట్ల మీద ఉండిపోయింది.

హాలు నిలిచింది. ఈ రోజుకీ నడుస్తోంది. సలహాదారు కుర్చీ మాత్రం ఆయనకి దక్కలేదు. ఆ తర్వాత వచ్చిన మెయిల్స్‌లో ఎక్కడా ఆయన పేరు లేదు, ఆయన మళ్ళీ రాలేదు.

ఆ మధ్యాహ్నం అంత పెద్ద భోజనాల గదిలో మేం ముగ్గురమే మిగిలాం. ముద్దపప్పు, గోంగూర, రొయ్యల ఇగురు, మజ్జిగ పులుసు, బూరెలు, అన్నీ అలాగే ఉన్నాయి. ఎవరికి ఆకలేస్తుంది? జపాన్ ఆయనే ముందు వెళ్ళి కూర్చున్నాడు. వంటవాళ్ళు పొద్దుటినుంచీ నిలబడి ఉన్నారు కదా అన్నాడు. పెద్దాయన తన చేత్తోనే వడ్డించడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుంటూ, నెయ్యి వేస్తూ, మళ్ళీ తుడుచుకుంటూ.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకండీ అలా చెప్పారు?"

"ఆవిడకి తీసెయ్యడానికి ఒకరు కావాలి" అన్నాడు అన్నం కలుపుకుంటూ. "మీరైతే చాలామంది. నేనైతే ఒక్కణ్ణే."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "పొద్దున్నే మీకు నిజంగా ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదండీ?"

మళ్ళీ మామూలుగా, నాకు తప్ప ఎవరికీ అర్థంకాని తన ఇంగ్లీషులోకి వచ్చేశాడు. "కార్లోనే ఆవిడకి చెప్పేవాణ్ణి. ఆ లోడు కొట్టేసి, మిగతాదానికి సంతకం పెట్టేది. ఇప్పుడు పెట్టినట్టే. తర్వాత నేను ఆవిడ కార్లో వెళ్ళిపోయేవాణ్ణి."

పెద్దాయన ఇగురు గిన్నె పట్టుకుని మా ఇద్దరి మధ్యా వంగి ఉన్నాడు.

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు.

"కూర బాగుందంటున్నారండి" అన్నాను.